నా పంపు నా దగ్గర లేదు

మొదటి రోజు
ఊదుడు: 340. నీలం పంపు: ఒకసారి. గోధుమరంగు పంపు: పొద్దున, సాయంత్రం.
రిమార్కులు:

శ్వాస మండలి వారికి. పేరు రాహేలు. వయసు నలభై నాలుగు. ఏడో నంబరు మిర్చి గోదాము, తొడిమల షెడ్డు. ఉబ్బసం వచ్చి ఇరవై ఆరేళ్లు. ముప్పై రోజులు ఈ పుస్తకం నింపాలన్నారు. రోజూ గొట్టంలో ఊది అంకె వేయాలన్నారు, ఊపిరి తగ్గితే అంకె తగ్గుతుంది. అంకె పక్కన రిమార్కులకని ఒక గడి ఇచ్చారు. ఆ గడిలో రెండు ముక్కలు పడితే గొప్ప. నాకు రెండు ముక్కలతో పని జరగదు కాబట్టి గడి దాటి వెనక పేజీలోకి వెళ్తున్నాను. పదో తరగతి దాకా చదివాను, దస్తూరీ బాగుంటుంది, చదవడానికి మీకు ఇబ్బంది ఉండదు.

ఈ రోజు గుమ్మాలకు గోనెలు తడిపి కట్టే వంతు మాది. బయటి గాలి ఎలా ఉందో చూపే పలక ఇంకా ఎర్రగానే ఉంది. పెద్ద తలుపు తెరవక ముప్పై ఎనిమిది రోజులైంది. ఇంకో అరవై రోజులు తెరవరంటున్నారు. తిండీ నిద్రా లోపలే, మండలి బండి వస్తే మాత్రం పక్క తలుపు తీస్తారు. తడి గోనె బయటి దుమ్మును ఆపుతుంది. లోపలి దుమ్ము మిరపకాయది, దాన్ని ఆపే గోనె ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మా షెడ్డులో ఎనభై నలుగురం, అందరికీ ఉబ్బసమే. ఇద్దరిద్దరం ఒక జోడీ. జోడీలో ఇద్దరూ వీపుకు వీపు ఆనించి కూర్చుంటాం, ఎదురుగా ఎవరి కుప్ప వారిది. తొడిమ తీసి, రంగు పోయిన తాలు కాయ ఏరి పక్కన పడేసి, మంచి కాయ టిక్కీ బస్తాలోకి నెట్టాలి. తల మీద గాలి మరలు రోజంతా మోగుతుంటాయి కాబట్టి మాట వినపడదు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటాం కాబట్టి మొహం కనపడదు. వీపు ఒక్కటే తెలుస్తుంది. ఊపిరి చిన్నదైతే వెనకున్న మనిషికి ముందు తెలుస్తుంది.

నా వెనక ఇరవై రెండేళ్లుగా సైదాబీ కూర్చుంటోంది. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది, అక్కా అంటాను. చదువు లేదు, నోరుంది. గోధుమరంగు పంపు రోజూ రెండు పూటలా పీల్చేది, నీలం పంపు ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది. నా నీలం పంపు ఆమె నడుముకున్న సంచిలో ఉంటుంది, ఆమెది నా సంచిలో. ఇది మా షెడ్డు పద్ధతి. ఎందుకో రేపు రాస్తాను, గంట కొట్టారు.

రెండో రోజు
ఊదుడు: 345. నీలం పంపు: లేదు.

ఎందుకంటే, ఇరవై మూడేళ్ల కిందట, నేను షెడ్డుకు కొత్తగా వచ్చిన ఏడు, ఒక పెద్ద దుమ్ము వచ్చింది. అప్పుడు తడి గోనెలు లేవు. ఒక్క పూటలో పదకొండు మంది పోయారు. నీలం పంపులు లేక కాదు. అందరి జేబుల్లోనూ ఉన్నాయి. కొందరి చేతుల్లోనే ఉన్నాయి. తొమ్మిది పంపులకు మూత కూడా తీసి లేదు. ఊపిరి అందని మనిషికి చేతులు వణుకుతాయి, బుర్ర పనిచేయదు, ఇంకాసేపు చూద్దాంలే అనిపిస్తుంది. ఆ ఇంకాసేపే చంపుతుంది. అప్పటి నుంచి ఎవరి పంపూ వారి దగ్గర ఉంచుకోం. ఆ పంపు తీయాల్సింది వణకని చేయి. అప్పటి నుంచి ఈ షెడ్డులో ఉబ్బసంతో ఒక్కరు కూడా పోలేదు. ఈ అంకె మీ దగ్గర ఎక్కడా ఉండదు, మీరు అడగలేదు కాబట్టి.

నాలుగో రోజు
ఊదుడు: 335. నీలం పంపు: ఒకసారి.

పరీక్ష జరిగింది. పేరు 'వయోజన రోగుల ఉబ్బస అవగాహన కొలత'. ముప్పై ప్రశ్నలు. పద్దెనిమిది వస్తే అవగాహన ఉన్నట్లు, పంపు మన దగ్గర ఉండనిస్తారు. రాకపోతే పంపు తీసుకుని మెడకు పట్టీ కడతారు. ఊపిరి ఎప్పుడు తగ్గిందో పట్టీయే చూసి మందు వదులుతుందట.

పరీక్షాధికారి పేరు ఇందుశేఖర్. ముప్పై ఏళ్లుంటాయేమో. మనిషి మర్యాదస్తుడు. పేరు పక్కన గారు చేర్చి పిలిచాడు. ఈ గోదాములో మమ్మల్ని అలా పిలిచినవాళ్లు లేరు. కోపం ఆయన మీద కాదు, ఆయన తెచ్చిన కాగితం మీద. ఆ ముప్పై ప్రశ్నల్లో పెంపుడు కుక్క ఉంది, తివాచీ ఉంది, మంచులో నడక ఉంది. మిరపకాయ లేదు.

గాలి మరలు ఆపి, ఒక్కొక్కరినీ గుడ్డ కట్టిన గదిలో విడివిడిగా కూర్చోబెట్టారు. పన్నెండో ప్రశ్న: 'నా నీలం పంపును ఎప్పుడూ నా దగ్గరే ఉంచుకుంటాను.' కాదు అని రాయాల్సింది. వాళ్లకేం కావాలో తెలుసు కాబట్టి అవును అని రాశాను. ఇలాంటివి ఐదు రాశాను. పక్క గదిలో సైదక్క. చదువు రాదని ఆమెకు ప్రశ్నలు చదివే పెట్టె పెట్టారు. గుడ్డ గోడ కాబట్టి అంతా వినపడింది.

"ఉబ్బసం తీవ్రమయ్యే ముందు వచ్చే గుర్తులు మీకు తెలుసు. అవునా, కాదా?"

"నాకెట్టా తెలుసుద్ది? అప్పుడు నేను ఊపిరి కోసం కొట్టుకుంటా ఉంటా. రాహేలుకి తెలుసు, దాన్నడుగు."

"తెలియదు. నమోదైంది."

"తెలవదనలేదయ్యా. రాహేలుకి తెలుసంటన్నా."

"తరువాతి ప్రశ్న. ఇంట్లో తివాచీ ఉంటే ఉబ్బసం పెరగవచ్చు. అవునా, కాదా?"

"తివాచీ అంటే ఏంది?"

"తెలియదు. నమోదైంది."

నేను నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

ఐదో రోజు
ఊదుడు: 330. నీలం పంపు: ఒకసారి.

ఫలితాలు గోడకు అంటించారు. నాకు పంతొమ్మిది, పాస్. సైదాబీకి ఏడు. ఎనభై నలుగురిలో పాసైనవాళ్లం ఇరవై ఒక్కరం. ఆ ఇరవై ఒక్కరం అబద్ధం ఎలా రాయాలో తెలిసినవాళ్లం, అంతకన్నా తేడా ఏమీ లేదు. నా పంతొమ్మిది చూసి లోపల కాస్త మురిసిపోయాను కూడా. ఎందుకు దాచాలి?

ఆరో రోజు
ఊదుడు: 325. నీలం పంపు: రెండుసార్లు.

పట్టీలు మొదటి విడతలో ఇరవై వచ్చాయి. తక్కువ మార్కుల వాళ్లకు ముందు. ఏడు మార్కుల సైదక్క పేరు రెండోది.

పట్టీ రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. ముందు చిన్న రంధ్రం, పక్కన పచ్చ దీపం, వెనక మందు డబ్బీ. ఇందుశేఖర్ సార్ దగ్గరుండి కట్టించాడు.

"ఇదేందయ్యా, గొడ్డుకు పలుపేసినట్టు?" అంది సైదక్క.

"మీ మంచికేనమ్మా. ఊపిరి తగ్గితే అదే చూసుకుంటుంది. ఇక మీరేమీ తెలుసుకోనక్కర్లేదు."

"ఇన్నాళ్లూ నేనేం తెలుసుకోలేదంటావా?"

ఆయన కాగితం చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సైదాబీ గారి నీలం పంపు ఎవరి దగ్గర ఉందో తెలుసా రాహేలు గారూ?" అన్నాడు.

"నా దగ్గరుంది సార్," అన్నాను. సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎవరూ లాక్కోలేదు, బెదిరించలేదు. గారు అని పిలిచి అడిగారని ఇచ్చేశాను. ఇది రాస్తుంటే నా చేతిని నేనే నరుక్కోవాలనిపిస్తోంది.

పట్టీ కట్టినవాళ్లు గోడకు వీపు ఆనించి ఒంటరిగా కూర్చోవాలట, పట్టీ మాట వినే పెట్టె గోడలో ఉందట. ఇక నుంచి ఎవరి పంపు వారే ఉంచుకోవాలని కూడా చెప్పారు. నా పంపు సైదక్క తీసి నాకిచ్చింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనని రోజు నాకు ఇదే గుర్తు.

తొమ్మిదో రోజు
ఊదుడు: 310. నీలం పంపు: మూడుసార్లు.

నా వీపు వెనక ఖాళీ. ఆనుకోబోయి రెండుసార్లు వెనక్కి పడ్డాను. చూసినవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను, కానీ నవ్వులాటగా లేదు. సైదక్క నలభై అడుగుల దూరంలో గోడకు ఆనుకుని తొడిమలు తీస్తోంది. పొద్దున ఆమె ఎందుకో గట్టిగా నవ్వితే పట్టీ ఆయాసం అనుకుని మందు వదిలింది. మధ్యాహ్నం దాకా గుండె దడదడలాడిందంట. "నవ్వితే కొడుతుందే ఇది," అంది.

పద్నాలుగో రోజు
ఊదుడు: 300. నీలం పంపు: లెక్క కింద రాశాను.

ఈ రోజు గింజ జల్లించారు. ఏడాదిలో రెండుసార్లు జల్లిస్తారు, ఆ రెండు రోజులూ షెడ్డు అంతా ఎర్ర పొగలా ఉంటుంది. మామూలుగా ఆ రోజున జోడీలు తొడిమలు తీసేది తక్కువ, వెనక ఊపిరి చూసుకునేది ఎక్కువ.

నేను అరగంటకోసారి తల తిప్పి సైదక్కను చూస్తున్నాను. నాలుగోసారి చూసినప్పుడు ఆమె చేతులు కాయల మీద ఆగిపోయి ఉన్నాయి. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. పరిగెత్తాను. వీపు మీద చేయి వేసి చెవి ఆనించాను. పిల్లికూత లేదు. కూత ఉంటే గాలి ఏదో సందులోంచి పోతున్నట్లు లెక్క. కూత కూడా ఆగిందంటే సందు కూడా లేదు. మీ పదిహేడో ప్రశ్న అదే. సైదక్క సరిగ్గా చెప్పిన ఏడింటిలో అదొకటి. తెలిసీ ఆమెకేం ఉపయోగపడింది? చేయెత్తి నన్ను పిలవడానికి కూడా ఆమెకు ఊపిరి లేదు.

పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతోంది. అంతా బాగుందట. రంధ్రం నిండా మిరప దుమ్ము కూరుకుని ఉంది.

నా పంపు తీశాను. ఊపి, మూత పీకి, ఆమె నోట్లో పెట్టి నొక్కాను. "బిగబట్టక్కా, బిగబట్టు," అని చెవిలో అరిచాను. మొదటిది లోపలికి పోలేదు. రెండోది కొంచెం. నాలుగోదానికి గొంతులో కూత మొదలైంది. ఆ పిల్లికూత వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆరోదానికి నా చెయ్యి పట్టుకుంది. పావుగంట తర్వాత, అంతా అయ్యాక, పట్టీ టక్కుమని ఒక మోతాదు వదిలింది.

పదిహేనో రోజు
ఊదుడు: 315. నీలం పంపు: ఒకసారి.

నోటీసు వచ్చింది. 'రోగి రాహేలు తన మందును మరొక రోగికి ఉపయోగించినట్లు పట్టీ నమోదు చేసింది. ఇది అవగాహన లోపం. మూడు మార్కులు తగ్గించడమైనది.' పంతొమ్మిదిలో మూడు పోతే పదహారు. ముప్పయ్యో రోజున పాసైనవాళ్లతో సహా అందరికీ ఆఖరి పరీక్ష ఉంది, అందులో నెగ్గకపోతే నాకూ పట్టీయే. ఆ రోజే మిగతా పట్టీలు కూడా వస్తాయట.

ఆఫీసు గదిలో తెర మీద ఇందుశేఖర్ సార్‌తో మాట్లాడాను.

"ఆవిడను కాపాడారు, కాదనను," అన్నాడు. "కానీ ఒకరి మందు ఇంకొకరికి వాడకూడదన్నది ఇరవై మూడో ప్రశ్న రాహేలు గారూ. దానికి మీరు సరైన జవాబే రాశారు."

"మరి ఆమెది మీ దగ్గరుందిగా సార్? ఇచ్చేయండి. ఆమెది ఆమెకే వాడతా."

"అది కుదరదు."

"రంధ్రంలో దుమ్ము పడితే పట్టీ పని చేయలేదు సార్. ఆ సంగతి రాసుకున్నారా?"

"రోజుకు రెండుసార్లు రంధ్రం తుడుచుకోవాలని సూచనల్లో ఉంది."

"సైదక్కకు చదువు రాదు. ఆ సూచనలు ఎవరు చదివారు?"

ఆయన సూచనల కాగితం తిరగేసి చూశాడు. తెర కట్టేసి పోతాడేమో అనుకున్నాను. పోలేదు.

బయటికి వచ్చి నేరుగా గోడ దగ్గరికి వెళ్లాను. నా నీలం పంపు తీసి సైదక్క సంచిలో వేశాను. "ఎందుకే, నీకు కావాల గదా," అంది. "నా చేతిలో ఉండి ఏం చేస్తది? నువ్వుంచు," అన్నాను. గోదాము మేనేజరు చూశాడు. చూడనీ.

పద్దెనిమిదో రోజు
ఊదుడు: 330. నీలం పంపు: ఒకసారి.

గోనెలు తడిపేటప్పుడు, నీళ్లు పట్టుకునేటప్పుడు, అన్నాల దగ్గర, ఒక్కో జోడీతో మాట్లాడుతున్నాను. అడిగేది ఒకటే: ముప్పయ్యో రోజున విడిగా కూర్చోవద్దు. చాలామందికి రెండోమాట చెప్పనక్కర్లేదు. పద్నాలుగో రోజు వాళ్లూ చూశారు.

టిక్కీలు మోసే ఏబేలు మాత్రం అడ్డం తిరిగాడు. అతనికి ఇరవై మూడు వచ్చాయి. అతని జోడీ చినకోటయ్యకు పదకొండు.

"నేను పాసయ్యా గదక్కా. నాకెందుకీ గొడవ? నువ్వేమో దొరికిపోయి మమ్మల్ని కూడా లాగతన్నావు."

"నీ పంపెక్కడుందిరా ఏబేలూ?"

"జేబులో ఉంది."

"పోయిన నెల నీకు ఆయాసం వస్తే తీసిందెవరు?"

"కోటయ్య."

"వాడికి పట్టీ కట్టి గోడకు కూర్చోబెడితే ఎవరు తీస్తారు?"

"నేనే తీసుకుంటా. నాకంతా తెలుసు, ఇరవై మూడొచ్చినయ్."

"తీసి చూపించు. ఆ మెట్లు మూడుసార్లు టిక్కీతో ఎక్కి దిగి, ఆగకుండా తీసి చూపించు."

మూర్ఖుడు, నిజంగానే ఎక్కాడు. మూడోసారి దిగి, జేబులో చేయి పెట్టి తడుముకున్నాడు. పంపు కిందపడింది. వంగితే ఊపిరి ఆడక అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. చినకోటయ్య పంపు తీసి మూత పీకి నోటికి అందించాడు. తేరుకున్నాక ఏబేలు నన్ను నాలుగు బూతులు తిట్టాడు. అవి ఇక్కడ రాయను. తర్వాత పంపు చినకోటయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తిట్లు నాకు తగినవే, అలా ఎక్కించి ఉండాల్సింది కాదు.

ఇరవై నాలుగో రోజు
ఊదుడు: 335. సైదక్క ఊదుడు: 260.

సైదక్క అంకె ఎందుకు వేశానంటే, పట్టీ కట్టినవాళ్ల ఊదుడు పుస్తకాలు మీరు ఆపేశారు. నేను ఆపలేదు.

ముప్పయ్యో రోజు
ఊదుడు: పొద్దున 330. తర్వాతిది కింద ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచారు. గాలి మరలు ఆపేశారు. షెడ్డు మధ్యలో బల్లలు వేసి ఉన్నాయి, ఒక్కో బల్లకూ మధ్య నాలుగడుగుల దూరం. గోడ పక్కన అట్టపెట్టెలు, అందులో పట్టీలు అరవై నాలుగు. అంటే పాసైనవాళ్లకూ కలిపే తెచ్చారు. మా కుట్ర వాళ్లకు ముందే తెలిసిపోయినట్లుంది.

మేం బల్లల దగ్గరికి పోలేదు. నేల మీద జోడీలుగా, వీపుకు వీపు ఆనించి కూర్చున్నాం. పట్టీలు కట్టినవాళ్లు కూడా గోడ వదిలి వచ్చారు. ఇరవై నాలుగు రోజుల తర్వాత సైదక్క వీపు నా వీపుకు తగిలింది. కాస్త చిక్కినట్లు అనిపించింది.

"దయచేసి విడిగా కూర్చోండి," అన్నాడు ఇందుశేఖర్ సార్.

ఎవరూ లేవలేదు.

"కలిసి కూర్చుంటే కొలత చెల్లదమ్మా. సున్నా వేయాల్సి వస్తుంది."

"వేయండి సార్," అన్నాను.

ఆయన ఒక్కో పేరూ చదివి సున్నా వేశాడు. పేరు చదివినప్పుడల్లా ఆగి చూశాడు, ఎవరైనా లేస్తారేమో అని. ఏబేలు పేరు దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఏబేలు నేల చూస్తూ కూర్చున్నాడు, లేవలేదు. ఎనభై నాలుగు సున్నాలు. నియమం ప్రకారం ఇక పంపులు తీసుకోవాలి. మొదట నా దగ్గరికే వచ్చాడు.

"మీ నీలం పంపు ఇవ్వండి రాహేలు గారూ."

"నా పంపు నా దగ్గర లేదు సార్."

"ఎవరి దగ్గర ఉంది?"

"చెప్పను."

ఆయన చినకోటయ్యను అడిగాడు. "నా పంపు నా దగ్గర లేదండి." ఏబేలును అడిగాడు. "నా దగ్గర లేదు." వరసగా అడుగుతూ పోయాడు. అందరిదీ ఒకే మాట, ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఇరవయ్యో మనిషి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. నవ్వుతాడో అరుస్తాడో తెలియలేదు.

"ఇదేమన్నా ఆట అనుకుంటున్నారా?" అన్నాడు చివరికి. "మీకు మీ జబ్బు అర్థం కాక చచ్చిపోతారని మండలి ఇంత ఖర్చు పెడుతుంటే!"

నాకు ఒళ్లు మండింది. కూర్చున్నచోటి నుంచే మొదలుపెట్టాను. ఏం అర్థం కాలేదయ్యా మాకు? ఇరవై మూడేళ్లలో ఒక్క మనిషి పోలేదు, ఆ లెక్క నీ పుస్తకంలో ఉందా? నీ పట్టీ పచ్చ దీపం వేసుకుని చూస్తుంటే మనిషి పోబోయింది, ఆ లెక్క ఉందా? కుక్కల గురించి అడుగుతావు, మిరపకాయ గురించి అడగవు. విడదీసి కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ ఏమీ తెలియదని రాసుకుంటావు. నేను గట్టిగా మాట్లాడుతున్నాను, చాలా బాగా మాట్లాడుతున్నానని కూడా అనుకుంటున్నాను. అంతలో సైదక్క చేయి వెనక నుంచి వచ్చి నా నోరు మూసింది.

"ఇక చాల్లే. వస్తంది నీకు."

"ఏం రావట్లా, వదులు."

"వస్తందంటన్నా."

సంచిలోంచి నా పంపు తీసింది. అందరి ముందూ తీసింది, ఆయన చూస్తుండగానే తీసింది. దాచాల్సింది అదే కదా. ఊపి, మూత పీకి నా నోటికి పెట్టింది. పీల్చబోతే ఊపిరి లోపలికి పోలేదు. అప్పుడు తెలిసింది నాకు. అప్పటిదాకా తెలియలేదు, దేవుడి సాక్షిగా తెలియలేదు. రెండోసారికి దగ్గు, మూడోసారికి కూత. ఎవరో గొట్టం అందించారు. ఊదితే నూట డెబ్బై.

ఇందుశేఖర్ సార్ మా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో చూడలేదు. పంపు సైదక్క చేతిలోనే ఉంది, చేయి చాపితే అందుతుంది. ఆయన చేయి చాపలేదు.

"మీకెలా తెలిసిందమ్మా?" అని అడిగాడు.

"దీనికి ఆయాసం వచ్చే ముందు మాట పెద్దదవుద్ది," అంది సైదక్క. "కోపమొచ్చిందనుకుంటారు అందరూ. కోపం కాదది, ఊపిరి చాలక మాటను నెట్టుద్ది. నా వీపు మీద ఎడం పక్క బరువు తగ్గుద్ది. ఆ తర్వాత పావుగంటే. గింజ జల్లించే రోజైతే పావుగంట కూడా ఉండదు. గోధుమ పంపు రెండు పూటలు మానిందంటే మూడో రోజు వచ్చుద్ది. మొన్న మంగళవారం మానింది, నాకు చెప్పలా."

నిజమే. మంగళవారం మానేశాను. ఈ పుస్తకంలో మాత్రం వేసుకున్నట్లే ఉంటుంది.

ఆయన కాగితాలు తీశాడు. "ఇవి రాహేలు గారి గురించి అడుగుతాను. మీరు చెప్పండి," అన్నాడు. ముప్పై ప్రశ్నలూ అడిగాడు. కాగితంలో 'మీ' అని ఉన్నచోటల్లా 'రాహేలు' అని చదివాడు. నేను ఊపిరి కూడదీసుకుంటూ విన్నాను. నా జబ్బు గురించి నాకు తెలియనివి నాలుగు విన్నాను. సైదక్కకు ఇరవై ఎనిమిది వచ్చాయి. పోయినవి కుక్క, తివాచీ.

తర్వాత సైదక్క గురించి నన్నడిగాడు. ఇరవై ఏడు. నాకు మంచు కూడా పోయింది.

"మండలి ఇది ఒప్పుకోదు," అన్నాడు, కాగితాల్లోకి చూస్తూ. "ఫారంలో ఒక్క పేరుకే చోటుంది."

"పట్టీ ఎట్టా తీయాలి?" అంది సైదక్క.

"మీరు తీయకూడదమ్మా. నాకూ ఆ అధికారం లేదు."

"తీయమన్లా. ఎట్టా తీయాలని అడిగినా."

ఆయన కాగితాలు నేల మీద పెట్టాడు. తర్వాత తన మెడ వెనక రెండు వేళ్లు పెట్టి, ఒక్కసారి నొక్కి, కిందికి జారించి చూపించాడు. సైదక్క అలాగే చేసింది. పట్టీ టక్కుమని ఊడి ఒళ్లో పడింది. దీపం ఇంకా పచ్చగానే ఉంది. షెడ్డులో ఆ చప్పుడు ఇంకో పంతొమ్మిదిసార్లు వినపడింది.

ముప్పై ఒకటో రోజు
ఊదుడు: 290. సైదాబీ ఊదుడు: 270. ఇద్దరికీ కలిపి నీలం పంపు ఒకటి.

మీరు ముప్పై రోజులే రాయమన్నారు, ఇది మీరు అడగని రోజు. ఇందుశేఖర్ సార్ పొద్దున బండిలో వెళ్లిపోయాడు. పట్టీలు ఎనభై నాలుగూ వెనక్కి పట్టుకెళ్లాడు. పైవాళ్లకు రాస్తానన్నాడు. ఏం రాస్తాడో చెప్పలేదు, మేం అడగలేదు. మీరు ఇంకొకరిని పంపవచ్చు. సైదక్క, పట్టీలు విప్పిన మిగతా పంతొమ్మిది మంది, నిన్నటి నుంచి సొంత పంపు లేకుండా ఈ దుమ్ములో ఉన్నారు. వాళ్లకు తెలిసే విప్పారు. అవగాహన లేక కాదు.

నిన్న సైదక్క చెప్పింది విన్నాక నా కోపంలో సగం ఉబ్బసమేనని తేలింది. ఒప్పుకుంటున్నాను. మిగతా సగం నాది, అది మందుకు తగ్గదు.

ఊదుడు పుస్తకాలు ఈ రోజే పంపాలి. జోడీలో ఇద్దరి పుస్తకాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, టిక్కీలు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టేశాం. ఏబేలు, చినకోటయ్య అందరివీ కుట్టారు, వాళ్ల కుట్టు గట్టిది. నలభై రెండు కట్టలు. విడదీయాలని చూస్తే కాగితాలు చిరుగుతాయి. చదవాలంటే ఇద్దరిదీ కలిపే చదవాలి.

సైదాబీ నీలం పంపు, నంబరు 4471, ఆరో రోజున నేనే మీ చేతికిచ్చాను. వెంటనే వెనక్కి పంపండి. ఆమె చేతికివ్వొద్దు, నా చేతికివ్వండి.